మండే ఎండలో ఫ్రోజెన్ యోగర్ట్ షాపుకి వెళ్తే కప్పులో జారుగా వస్తోంది, ఎందుకు? ఏ టైమ్‌కి వెళ్ళాలి?

మధ్యాహ్నం_నడక:
అందరికీ నమస్తే. ఈ ఎండలకి ఇంట్లో ఉండలేక పిల్లల్ని, అమ్మని తీసుకుని ఫ్రోజెన్ యోగర్ట్ షాపుకి వెళ్ళాం. కప్పు మనమే తీసుకుని, మెషిన్ హ్యాండిల్ మనమే లాగి నింపుకుని, పైన కావలసినవి వేసుకుని చివర్లో తూకం వేయించుకునే రకం షాపు. లోపల అడుగు పెట్టగానే ఏసీ గాలికి ప్రాణం లేచొచ్చింది గానీ అసలు సంగతి దగ్గరికొచ్చేసరికి ఉసూరుమనిపించింది. చుట్టలు చుట్టలుగా నిలబడాల్సింది కాస్తా కప్పులో పడగానే వాలిపోయింది, టేబుల్ దగ్గరికి వెళ్ళేలోపే అంచుల వెంట నీరు తేలింది, చిన్నదానికి మోచేతి దాకా కారింది. బయట 42 డిగ్రీలు ఉంది నిజమే, కానీ షాపు లోపల చల్లగానే ఉంది కదా. ఇదే షాపులో చలికాలం తిన్నప్పుడు ఎంత నున్నగా, గట్టిగా ఉండేదో.

ఇది మెషిన్ లోపమా లేక యోగర్ట్ అంటేనే ఇంతా? ఎండ రోజుల్లో ఏ టైమ్‌కి వెళ్తే మంచిగా వస్తుంది? ఇంకోటి, అమ్మ "ఐస్‌క్రీమ్ కంటే ఇదే మంచిదంట, ఎంతైనా పెరుగే కదా" అని రెండోసారి కూడా వేసుకుంది, ఆమెకి షుగర్ బోర్డర్‌లో ఉంది. ఆ మాటలో నిజమెంత? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, పిల్లలు మళ్ళీ ఎప్పుడని అడుగుతున్నారు.

రెండోకప్పు:
మాకూ ఇంతే అవుతుందండి! ముఖ్యంగా మధ్యాహ్నం మూడు నాలుగు మధ్య. సాయంత్రం ఎనిమిది తర్వాత వెళ్తే సేమ్ షాపు, సేమ్ ఫ్లేవర్, మళ్ళీ గట్టిగా వస్తుంది. కారణం నాకూ తెలుసుకోవాలనుంది, ఫాలో అవుతున్నా.

చల్లని_గిన్నె:
నేను ఇలాంటి షాపులో చాన్నాళ్ళు పనిచేశాను, కాబట్టి మెషిన్ వెనక ఏం జరుగుతుందో చెప్తాను.

మెషిన్ పైన ఒక తొట్టి ఉంటుంది, దాన్ని హాపర్ అంటాం. చిక్కటి పాలలా ఉండే మిక్స్ అందులో పోస్తాం, అది ఫ్రిజ్ చల్లదనంలో, అంటే 5 డిగ్రీల లోపు ఉంటుంది. దాని కింద అడ్డంగా పడుకోబెట్టినట్టు ఒక స్టీల్ సిలిండర్ ఉంటుంది. గడ్డకట్టడం అంతా అక్కడే. సిలిండర్ గోడ బాగా చల్లగా ఉంటుంది, దానికి తగిలిన మిక్స్ పల్చటి పొరలా గడ్డకడుతుంది, లోపల కవ్వంలా తిరిగే రెక్క ఆ పొరని ఎప్పటికప్పుడు గీకేసి మధ్యలోకి కలుపుతూ ఉంటుంది, కలుపుతూనే గాలిని కూడా చేర్చుతుంది. అందుకే మంచు పలుకులు చాలా చిన్నవిగా ఉండి నాలుకకి నున్నగా తగుల్తాయి. మీరు హ్యాండిల్ లాగినప్పుడు బయటికొచ్చేది సుమారు మైనస్ 6, మైనస్ 8 మధ్య ఉంటుంది.

ఇప్పుడు అసలు పాయింట్. మీరు ఎంత బయటికి లాగితే అంత కొత్త మిక్స్ పైనుంచి సిలిండర్‌లోకి దిగుతుంది. ఆ వచ్చింది 4, 5 డిగ్రీల్లో ఉంటుంది, దాన్ని మైనస్ 7కి తేవడానికి మెషిన్‌కి కొంచెం టైమ్ కావాలి. ఎండ మండే మధ్యాహ్నం జనం వరసగా లాగుతూనే ఉంటే ఆ టైమ్ దొరకదు. పైగా చాలా మెషిన్లు లోపలి వేడిని షాపు గాలిలోకే వదులుతాయి, అన్ని మెషిన్లు కలిసి వేడి కక్కుతుంటే, తలుపు నిమిషానికోసారి తెరుచుకుంటుంటే, ఏసీ చాలదు, కంప్రెసర్ కూడా అలిసిపోతుంది. అంటే మీకు చలికాలం గట్టిగా, ఎండాకాలం జారుగా వచ్చింది ఒకే మెషిన్ నుంచి, ఒకే మిక్స్ నుంచి. లోపం అనలేం, దాని మీద పడే లోడ్ అలాంటిది.

మధ్యాహ్నం_నడక:
ఓహ్, ఇది చాలా క్లియర్‌గా చెప్పారు, థాంక్సండి. మరి లాగే ముందే ఎలా తెలుస్తుంది గట్టిగా వస్తుందా లేదా అని?

చల్లని_గిన్నె:
చూస్తే తెలిసిపోతుంది. ముందు మీ ముందున్నవాళ్ళు లాగుతున్నప్పుడు ధార ఎలా పడుతోందో గమనించండి. బాగున్న యోగర్ట్‌కి నక్షత్రం ఆకారం మూతి గీతలు పడిపోయాక కూడా అలాగే నిలబడి ఉంటాయి, పైభాగం కాస్త మసకగా, పొడిపొడిగా కనిపిస్తుంది. తడిగా మెరుస్తూ, గీతలు వెంటనే కలిసిపోతూ పడితే ఆ సిలిండర్‌కి ఇంకా ఊపిరి తీసుకునే టైమ్ దొరకలేదని అర్థం. అప్పుడు పక్కన ఎవరూ తాకని ఫ్లేవర్‌కి వెళ్ళండి, లేదా కాసేపు ఆగండి, ఐదు పది నిమిషాల్లో చాలావరకు సర్దుకుంటుంది. ముందు టాపింగులు చూసుకుని, కూర్చునే చోటు చూసుకుని, ఆఖర్న లాగండి అంటాను నేను. చాలామంది కప్పు నింపేసుకుని ఆ తర్వాత టాపింగుల దగ్గర ఏది వేద్దామా అని నిలబడి ఆలోచిస్తారు, ఆ లోపే అది కిందికి దిగిపోతుంది.

హ్యాండిల్ పూర్తిగా కిందికి లాగక్కర్లేదు. నిదానంగా, సగం లాగితే సన్నగా, చల్లగా వస్తుంది, కప్పుని మూతికి దగ్గరగా పట్టుకుని గుండ్రంగా తిప్పండి. ఒక్కసారిగా లాగితే వెనకున్న మెత్తటిది కూడా తోసుకుని వచ్చేస్తుంది.

పాలలెక్క:
నేను డైరీ టెక్నాలజీ చదువుకున్నాను, ఆ ఫీల్డ్‌లోనే ఉన్నాను. పైన చెప్పింది వంద శాతం కరెక్ట్. దానికి తోడు ఇంకో కారణం ఉంది, అది యోగర్ట్‌దే.

మామూలు ఐస్‌క్రీమ్‌ని గట్టిపరిచే గదుల్లో పెట్టి మైనస్ 18 లేదా ఇంకా చల్లగా దాస్తారు, స్కూప్ తీసే డబ్బాలో మైనస్ 12, 14 దగ్గర ఉంటుంది. అంటే మీ చేతికొచ్చేసరికే యోగర్ట్ దానికంటే ఐదారు డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. ఆ టెంపరేచర్‌లో దానిలోని నీళ్ళలో సగం అటూ ఇటూగానే మంచుగా మారి ఉంటుంది, మిగతా సగం చక్కెర కలిసిన ద్రవమే. కరగడానికి దూరం తక్కువ. ఇక వెన్న శాతం. అమెరికా రూల్స్ ప్రకారం ఐస్‌క్రీమ్ అని పిలవాలంటే కనీసం 10 శాతం పాల కొవ్వు ఉండాలి. ఫ్రోజెన్ యోగర్ట్‌లో కొవ్వు సాధారణంగా అంతకంటే బాగా తక్కువ, కొన్నిట్లో అస్సలు ఉండదు. ఐస్‌క్రీమ్‌లో చిలికినప్పుడు కొవ్వు కణాలు ఒకదానికొకటి అతుక్కుని గాలి బుడగల చుట్టూ ఒక గూడు కడతాయి, మంచు కరిగినా ఆ గూడు ఆకారాన్ని కాసేపు నిలబెడుతుంది. యోగర్ట్‌లో ఆ ఆసరా తక్కువ. గ్వార్ గమ్, కారజీనన్, జెలటిన్ లాంటి చిక్కబరిచేవి వేసేది ఆ లోటు పూడ్చడానికే. కాబట్టి ఎండలోకి పట్టుకెళ్తే ఐస్‌క్రీమ్ కంటే ముందు వాలిపోయే అవకాశం ఎక్కువ.

నిదానం:
అమ్మగారి షుగర్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు, అది నేను చెప్తాను, మా ఇంట్లో ఇద్దరు షుగర్ పేషెంట్లు ఉన్నారు కాబట్టి ఈ లేబుళ్ళు చదవడం నాకు అలవాటు.

"పెరుగే కదా" అనే మాటని నమ్మి పెద్దకప్పు నింపుకోవద్దండి. వెనిల్లా ఫ్రోజెన్ యోగర్ట్ అరకప్పు అంటే ఓ 70 గ్రాములు, దానిలో సుమారు 115 కిలో కాలరీలు, 17 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి, ఆ పిండిపదార్థాల్లో ఎక్కువ భాగం చక్కెరలే. కానీ ఇలాంటి షాపుల్లో అరకప్పుతో ఆపేవాళ్ళు ఎంతమంది? కప్పు సైజే పెద్దగా ఉంటుంది, అడుగున కాస్త వేస్తే ఖాళీగా కనిపిస్తుంది, చెయ్యి ఆగదు. 150 గ్రాములు నింపితే ఒక్క యోగర్ట్ నుంచే పిండిపదార్థాలు 30 గ్రాములు దాటతాయి, పైన సాస్, చాక్లెట్ ముక్కలు వేస్తే అది వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిపిన చక్కెరలు రోజు శక్తిలో 10 శాతం లోపే ఉండాలంటుంది, అంటే పెద్దవాళ్ళకి దాదాపు 50 గ్రాములు, వీలైతే 5 శాతం అంటే 25 గ్రాముల దగ్గర ఆపమంటుంది. యోగర్ట్‌లో ఉండే లాక్టోజ్ అనే చక్కెర పాలలో సహజంగా ఉండేదే కాబట్టి ఆ లెక్కలోకి రాదు, నిజమే, కానీ షుగర్ ఉన్న మనిషి రక్తంలో దాని లెక్క కూడా పడుతుంది కదా.

"నో ఫ్యాట్" బోర్డు చూసి మురిసిపోకూడదు. కొవ్వు తీసేసినంత మాత్రాన చక్కెర తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా.

పాలలెక్క:
నిదానం గారు చెప్పిన చివరి మాటకి కారణం కూడా ఉంది. చక్కెర అక్కడ తీపి కోసం మాత్రమే కాదు, నీళ్ళు గడ్డకట్టే టెంపరేచర్‌ని కిందికి దించుతుంది. చక్కెర బాగా తగ్గిస్తే అదే మైనస్ 7లో మంచు ఎక్కువగా పడి మెషిన్‌లో రాయిలా బిగుసుకుంటుంది, రెక్క తిరగదు. అందుకే "చక్కెర వేయలేదు" అని రాసినవాటిలో కూడా దాని బదులు మాల్టిటాల్, పాలీడెక్స్‌ట్రోజ్ లాంటివి వేస్తారు. మాల్టిటాల్ ఎక్కువైతే కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు అవుతాయి, పెద్దవాళ్ళకి పెట్టేముందు లేబుల్ అడిగి చూడండి.

రెండోకప్పు:
అంతా నిజమే కానీ అండి, ఎండలో తిరిగి తిరిగి వచ్చినవాడికి ఆ మొదటి చెంచా నోట్లో పడ్డప్పుడు కలిగే హాయి ముందు ఈ గ్రాముల లెక్కలు ఎవరికి గుర్తుంటాయి? నాకు పులుపు రకం చాలా ఇష్టం, ఫ్లేవర్ ఏమీ కలపని ప్లెయిన్ ఉంటుంది చూడండి, నాలుక మీద కాస్త చురుక్కుమని ఆ తర్వాత చల్లగా దిగుతుంది. దాని మీద స్ట్రాబెర్రీ ముక్కలు, కివీ, మామిడి. దాహంగా ఉన్నప్పుడు తీపి ఐస్‌క్రీమ్ తింటే గొంతు పట్టేసినట్టు ఉంటుంది, దీనికి అలా ఉండదు. ఒళ్ళు కూడా బాగా చల్లబడుతుంది.

లెక్కలపంతులు:
హాయి సంగతి ఒప్పుకుంటాను, కానీ "ఒళ్ళు చల్లబడుతుంది" అన్నదాని మీద చిన్న లెక్క వేశాను, చూడండి.

150 గ్రాముల యోగర్ట్ అనుకుందాం. దానిలో నీళ్ళు సుమారు 100 గ్రాములు, అందులో సగం మంచు అంటే 50 గ్రాములు. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కాలరీల వేడి పీల్చుకుంటుంది, అంటే మొత్తం 4 కిలో కాలరీలు. ఆ తర్వాత మైనస్ 7 నుంచి మన ఒంటి 37కి రావడానికి ఇంకో 5 చిల్లర. మొత్తం కలిపి పది కిలో కాలరీల లోపే. ఇప్పుడు చెమట చూడండి. ఒక గ్రాము చెమట ఆరిపోతే ఒంట్లోంచి దాదాపు 580 కాలరీల వేడి పట్టుకుపోతుంది. అంటే కప్పు యోగర్ట్ మొత్తం చేసే పని 17, 18 గ్రాముల చెమట ఆరితే అయిపోతుంది, పెద్ద చెంచాడు కంటే కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి నోరు, గొంతు చల్లబడతాయి, మనసుకి హాయిగా ఉంటుంది, కానీ ఒంటి వేడి దించే పని చెమటది, ఆ చెమట పట్టాలంటే నీళ్ళు కావాలి. ఎండ నుంచి రాగానే ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి, ఆ తర్వాత కప్పు తీసుకోండి. దాహం తీరాక తింటే కప్పు కూడా చిన్నదే సరిపోతుంది, ఇది మా ఇంట్లో పిల్లల దగ్గర గమనించిన విషయం.

ఎవరికైనా ఎండలో తల తిరుగుతూ, వాంతి వచ్చేలా ఉండి, మాట తడబడుతుంటే అది వడదెబ్బ కావొచ్చు, అప్పుడు యోగర్ట్ షాపు కాదు, నీడకి చేర్చి ఒళ్ళు తడిపి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

రెండోకప్పు:
ఇలా ఎప్పుడూ ఆలోచించలేదండి, 18 గ్రాముల చెమట అంటే ఎంతా! నీళ్ళ మాట గుర్తుపెట్టుకుంటా. అలాగే ఎండలోంచి వచ్చి గబగబా తింటే నుదురు దగ్గర సూదితో పొడిచినట్టు నొప్పి వస్తుంది కదా, దానికి ఏమైనా చేయొచ్చా?

లెక్కలపంతులు:
అంగిలికి ఒక్కసారిగా చలి తగిలి అక్కడి రక్తనాళాలు ముడుచుకుని మళ్ళీ వెడల్పవడంతో వచ్చే నొప్పి అది, నొప్పి పుట్టేది నోట్లో, తెలిసేది నుదుట్లో. నాలుకని అంగిలికి గట్టిగా ఆనించి పెట్టుకోండి, లేదా గోరువెచ్చని నీళ్ళు ఒక గుక్క తాగండి, సాధారణంగా కాసేపట్లో పోతుంది. చెంచా తిరగేసి, అంటే యోగర్ట్ నాలుక మీద పడేట్టు తింటే వచ్చే అవకాశం తక్కువ, నేను అలాగే తింటాను.

సెలవులబడి:
పిల్లల తల్లిగా ఒక ముఖ్యమైన విషయం అడగాలి. మా బాబుకి వేరుశనగ పడదు, ముఖం వాచిపోతుంది. ఈ షాపుల్లో టాపింగులన్నీ పక్కపక్కనే గిన్నెల్లో ఉంటాయి, ఒకళ్ళు వేసిన గరిట ఇంకో గిన్నెలో పెడతారు. వాడేమో స్నేహితులందరూ వెళ్తున్నారు నన్నూ తీసుకెళ్ళమని ఏడుస్తాడు. ఎలా తీసుకెళ్ళాలి?

చల్లని_గిన్నె:
అమ్మా, ఇది చాలా జాగ్రత్తగా చూసుకోవాల్సిన విషయం. మీరు గమనించింది కరెక్టే, టాపింగుల దగ్గర గరిటలు కలిసిపోవడం రోజూ జరిగేదే, మేం ఎంత కనిపెట్టుకుని ఉన్నా ఆపలేకపోయేవాళ్ళం. కాబట్టి ఆ వరస జోలికే వెళ్ళకండి. పైన వేసేవి ఇంటి నుంచే చిన్న డబ్బాలో తీసుకెళ్ళండి, ముందే విషయం చెప్పి అడగండి, చాలామంది షాపువాళ్ళు కాదనరు.

యోగర్ట్‌లో కూడా ఒక సూక్ష్మం ఉంది. మెషిన్‌కి మూడు హ్యాండిళ్ళు ఉంటాయి చూడండి, ఎడమ ఒక ఫ్లేవర్, కుడి ఒక ఫ్లేవర్, మధ్యది లాగితే రెండూ కలిసి పెనవేసుకుని వస్తాయి. ఆ మధ్య మూతిలో రెండు ఫ్లేవర్లూ ఎప్పుడూ అంటుకునే ఉంటాయి. ఒక పక్క పీనట్ బటర్ ఫ్లేవర్ ఉంటే ఆ మెషిన్ మొత్తాన్నీ వదిలేయండి, రెండో పక్కది కూడా వద్దు. మెషిన్లని ముందురోజు ఏ ఫ్లేవర్‌కి వాడారో కూడా అడగండి, ఫ్లేవర్లు మారుస్తూ ఉంటారు. సిబ్బందిలో ఎవరో ఒకరికి కాదు, మేనేజర్‌కే చెప్పి, మిక్స్ డబ్బా మీది లేబుల్ చూపించమని అడగండి. రద్దీ లేని టైమ్‌లో వెళ్తే వాళ్ళూ ఓపిగ్గా చూపిస్తారు. రియాక్షన్ తీవ్రంగా వస్తుందని మీ డాక్టర్ చెప్పి ఉంటే మాత్రం, నన్నడిగితే, ఈ సెల్ఫ్ సర్వ్ షాపు వద్దనే అంటాను.

సెలవులబడి:
మధ్య హ్యాండిల్ సంగతి నాకు తట్టనే లేదు. చాలా థాంక్స్ అన్నా. డాక్టర్‌ని అడిగాకే తీసుకెళ్తాను.

నిదానం:
శాకాహారులకి కూడా ఒక మాట. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. కొన్ని యోగర్ట్ మిక్సుల్లో ఉంటుంది, మార్ష్‌మాలో, గమ్మీ బేర్స్‌లో అయితే మామూలుగానే ఉంటుంది. నోట్లో టప్పున పగిలే రసం గోళీలు మాత్రం వేరు, వాటి పైపొర సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్, కాల్షియం కలిస్తే వచ్చేది. అలాగని లోపల ఏముందో చూడకుండా తినమనడం లేదు, రసం పేరుతో ఎక్కువ ఉండేది చక్కెర పాకమే.

కొత్తచెంచా:
ఇక్కడ ఇంత తెలిసినవాళ్ళున్నారు కాబట్టి అడుగుతున్నా, గడ్డకట్టిస్తే పెరుగులోని మంచి బాక్టీరియా చచ్చిపోవా? మరి బోర్డుల మీద "లైవ్ కల్చర్స్" అని ఎలా రాస్తారు?

పాలలెక్క:
మంచి ప్రశ్న. చలికి ఎక్కువ భాగం చావవు, నిద్రపోయినట్టు ఆగిపోతాయి, ఒంట్లో వెచ్చదనం తగలగానే కొన్ని మళ్ళీ లేస్తాయి. కొంత నష్టం ఉంటుంది, అది గడ్డకట్టించే పద్ధతిని బట్టి. అసలు తేడా తయారీలో ఉంది. కొందరు పాలు మరిగించి చల్లార్చి నిజంగా తోడు పెట్టి, లాక్టోబాసిల్లస్ బల్గారికస్, స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ అనే రెండు రకాలతో పులియబెట్టి దాంతో మిక్స్ చేస్తారు. కొందరు ఐస్‌క్రీమ్ మిక్స్ లాంటిదానికే కాస్త యోగర్ట్ కలుపుతారు. ఇంకొందరు పొడి నీళ్ళలో కలిపితే అయిపోయే రకం వాడతారు, పులుపు సిట్రిక్ యాసిడ్‌ది. తోడుపెట్టాక మళ్ళీ వేడిచేస్తే మాత్రం ఆ బాక్టీరియా మిగలదు.

అమెరికాలో ఐస్‌క్రీమ్‌కి ఉన్నట్టు ఫ్రోజెన్ యోగర్ట్‌కి కేంద్ర స్థాయిలో ప్రత్యేక ప్రమాణం లేదు, అందుకే ఒక్కో షాపుది ఒక్కోలా ఉంటుంది. అక్కడ "లైవ్ అండ్ యాక్టివ్ కల్చర్స్" అని ఒక స్వచ్ఛంద ముద్ర పెట్టారు, తయారైనప్పుడు మామూలు యోగర్ట్‌లో గ్రాముకి 10 కోట్లు, ఫ్రోజెన్‌లో గ్రాముకి 1 కోటి బాక్టీరియా ఉండాలని. రెండిటికీ మధ్య పదింతల తేడా చూడండి. కాబట్టి బాక్టీరియా కోసమే తినాలనుకుంటే గిన్నెలో పెరుగు తినడమే నయం, యోగర్ట్ షాపుకి వెళ్ళేది మాత్రం దాని రుచి కోసం వెళ్ళాలి. రుచి తక్కువ కారణమేమీ కాదు కదా.

కొత్తచెంచా:
అర్థమైందండి. ఈ షాపులు మొదట ఎక్కడ పుట్టాయో కూడా ఎవరికైనా తెలుసా? కుతూహలం.

పాలలెక్క:
1970ల్లో అమెరికా ఈశాన్యాన న్యూ ఇంగ్లాండ్ ప్రాంతంలో మొదలైంది, హెచ్.పి. హుడ్ అనే పాల కంపెనీ "ఫ్రోగర్ట్" పేరుతో సాఫ్ట్ సర్వ్‌లా అమ్మింది. అప్పట్లో పులుపు చాలామందికి నచ్చలేదట. 1981లో ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో టీసీబీవై అనే ఫ్రోజెన్ యోగర్ట్ షాపుల కంపెనీ మొదలయ్యాక, ఆ దశాబ్దమంతా పులుపు తగ్గించి ఐస్‌క్రీమ్‌లా తియ్యగా చేసి అమ్మారు, కొవ్వు తగ్గించాలనే మోజు కూడా అప్పుడే కాబట్టి బాగా నడిచింది. తర్వాత కాస్త చల్లబడింది. 2000ల్లో పులుపే మళ్ళీ తిరిగొచ్చింది, దక్షిణ కొరియాలో 2002లో రెడ్ మ్యాంగో, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 2005లో పింక్‌బెర్రీ అనే షాపులు మొదలయ్యాయి, పైన తాజా పళ్ళు వేసి ఇచ్చేవాళ్ళు. రెండోకప్పు గారికి నచ్చే ఆ చురుక్కుమనే ప్లెయిన్ రకం ఇలా జనంలోకి వచ్చిందే. మన చేత్తో మనం లాగి తూకం వేయించుకునే షాపులు ఎక్కువైంది కూడా ఆ కాలంలోనే.

మధ్యాహ్నం_నడక:
తూకం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, పిల్లలు కప్పు నిండా వేసుకుంటే బిల్లు తడిసి మోపెడవుతోంది. ఏం చేస్తే తగ్గుతుంది? గాలి ఎక్కువ కలిపి మోసం చేస్తారని కూడా విన్నాను.

చల్లని_గిన్నె:
గాలి విషయంలో ఇక్కడ భయం లేదండి. ఎంత గాలి కలిసినా దాని బరువు లెక్కలోకి రానంత తక్కువ, కాబట్టి తూకం షాపులో గాలి వల్ల మీకు నష్టం రాదు. కప్పు సైజుని బట్టి అమ్మే షాపులో అయితే గాలి ఎక్కువ ఉంటే మీకు వచ్చే సరుకు తగ్గుతుంది, అక్కడ చూసుకోవాలి. కప్పు చేతిలో పట్టుకుంటే దాని సైజుకి తగ్గ బరువు తెలుస్తుంది, చూడ్డానికి కొండలా ఉండి చేతికి దూదిలా తేలిగ్గా ఉంటే అర్థమైపోతుంది.

బరువు పెంచేవి పళ్ళు, సాసులు, రసం గోళీలు, గమ్మీలు, ఎందుకంటే వాటి నిండా నీళ్ళూ చక్కెరా. కరకరలాడే సీరియల్, బిస్కెట్ పొడి, కొబ్బరి తురుము కప్పు నిండినా తూగవు. తూకం మీద మీ కప్పు పెట్టేముందు ఖాళీ కప్పు బరువు తీసేశారో లేదో స్క్రీన్ చూడండి, సున్నా దగ్గర మొదలవ్వాలి లేదా కప్పు బరువు మైనస్‌లో కనిపించాలి. పిల్లలకైతే వాళ్ళ చేతికి హ్యాండిల్ ఇవ్వండి, ఆ సరదా వాళ్ళది, కానీ కప్పు మీరు పట్టుకోండి, ఎక్కడ పక్కకి తీస్తే అక్కడ ఆగుతుంది.

ఇంకో మాట, వేడి చాక్లెట్ సాస్ ఎండ రోజున వద్దు, అది పోసిన చోట గుంట పడి అక్కడినుంచే కరగడం మొదలవుతుంది. పళ్ళు కూడా చల్లటి కౌంటర్‌లో ఉన్నవే వేసుకోండి. కరకరలాడేవి సగం అడుగున కాకుండా పైనే వేసుకుని ముందు అవే తినేయండి, తడిస్తే రుచే ఉండదు. కప్పుని అరచేతిలో పొదివి పట్టుకోకుండా పై అంచు దగ్గర పట్టుకోండి.

నిదానం:
శుభ్రత గురించి కూడా చెప్పండి గిన్నె గారూ, వేసవిలో నాకు దాని మీదే ఎక్కువ బెంగ.

చల్లని_గిన్నె:
మంచి షాపులో మెషిన్‌ని విప్పి, రెక్క, మూతులు, రబ్బరు రింగులు అన్నీ విడదీసి బ్రష్షుతో కడిగి, శానిటైజర్‌లో ముంచి ఆరబెడతారు. ఆ రబ్బరు రింగుల సందుల్లోనే మిక్స్ మిగిలి పాచి పడుతుంది, బద్ధకిస్తే అక్కడే. కొన్ని మెషిన్లు రాత్రిపూట లోపలి మిక్స్‌ని వేడిచేసి తిరిగి చల్లబరిచే రకం, వాటిని విప్పడం తక్కువసార్లు ఉంటుంది. మీరు బయటినుంచి చూడగలిగినవి: మూతుల చుట్టూ ఎండిపోయిన గార, కింద కారే ట్రేలో వాసన, టాపింగ్ గిన్నెల మూతలు తెరిచి వదిలేయడం, పళ్ళ కింద మంచు కరిగిపోయి ఉండటం. వీటిలో ఏది కనపడినా నేనైతే తినకుండా వచ్చేస్తాను. రుచిలో మామూలు పులుపు కాకుండా చేదో, ఈస్ట్ వాసనో తగిలితే ఒక్క చెంచాతోనే ఆపి వాళ్ళకి చెప్పండి.

పాలలెక్క:
ఒకటి కలుపుతాను. లిస్టీరియా అనే బాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరగగలదు, అందుకే గర్భిణులు, బాగా పెద్దవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు శుభ్రత మీద నమ్మకం ఉన్న షాపులోనే తినాలి. నమ్మకం లేకపోతే సీలు వేసిన డబ్బా రకం మంచిది.

తోడుగిన్నె:
ఆలస్యంగా వచ్చాను. ఇంత ఎండలో బయటికి ఎందుకు, ఇంట్లోనే చేయొచ్చు. చిక్కటి పెరుగుని పల్చటి గుడ్డలో మూటకట్టి ఫ్రిజ్‌లో గిన్నె మీద కొన్ని గంటలు వేలాడదీయండి, తేట నీరు దిగిపోతుంది. ఆ నీరే మంచు పలుకులకి మూలం, ఎంత దిగితే అంత నున్నగా వస్తుంది. వడకట్టిన పెరుగు కిలోకి 200 గ్రాముల పొడి చక్కెర, మెత్తగా చేసిన పండు గుజ్జు వేసి కలిపి వెడల్పాటి స్టీల్ పళ్ళెంలో ఫ్రీజర్‌లో పెట్టండి. అరగంటకోసారి తీసి అంచుల నుంచి మధ్యకి గీకి బాగా కలపండి, మూడు నాలుగు గంటలు ఇదే పని. మెషిన్ రెక్క చేసే పనే మనం ఫోర్కుతో చేస్తున్నాం అంతే. నిదానం గారి లెక్క ప్రకారం చక్కెర తగ్గించుకోవచ్చు, కానీ అప్పుడు గట్టిపడుతుంది, తినే ముందు పది నిమిషాలు బయట పెట్టాలి.

రెండోకప్పు:
ఇది తప్పకుండా చేస్తానండి, కానీ షాపులో హ్యాండిల్ లాగే సరదా పిల్లలకి ఇంట్లో ఎక్కడిది!

మధ్యాహ్నం_నడక:
అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా చెప్తారనుకోలేదు. అమ్మకి ఈ పేజీ మొత్తం చదివి వినిపించాను, ఈసారి చిన్నకప్పులో ప్లెయిన్, పైన పళ్ళు, అంతే అని ఆమే అంది. ఆఖరుగా ఒకటి. పొద్దున షాపు తెరవగానే వెళ్తే రద్దీ ఉండదు కదా, అప్పుడు అన్నిటికంటే బాగుంటుందా? మిగిలింది ఇంటికి తెచ్చుకోవచ్చా?

చల్లని_గిన్నె:
తెరిచిన అరగంట, గంట తర్వాత వెళ్ళండి. తెరవగానే అయితే కొన్ని సిలిండర్లు ఇంకా గడ్డకడుతూ ఉంటాయి. అప్పటికీ ఎవరూ లాగని ఫ్లేవర్ అయితే మొదటి నాలుగు వేళ్ళంత సిబ్బందిని లాగి పారబోయమని అడగండి, చాలాసేపు లోపల తిరుగుతూ ఉన్నది పలుకులుగానో, ఎక్కువ చిలికి పాడైపోయినట్టో వస్తుంది, ఆ వెనకున్నది బాగుంటుంది. లంచ్ ముందు టైమ్ అన్నిటికంటే మంచిది, లేదంటే రాత్రి ఎనిమిది దాటాక.

ఇంటికి తెచ్చుకోవాలంటే మూత ఉన్న కప్పు, లోపల ఐస్ ప్యాక్ పెట్టిన సంచి తీసుకెళ్ళండి, కారు డిక్కీలో కాకుండా ఏసీ తగిలే చోట పెట్టండి. పావుగంటలోపు ఇల్లు చేరితే సరే. దారిలో ఒకసారి కరిగితే లోపలి గాలి పోతుంది, మళ్ళీ ఫ్రీజర్‌లో పెడితే పెద్ద పలుకులతో గడ్డ కడుతుంది, మునుపటి నున్నదనం ఇక రాదు. అలాంటిదాన్ని గడ్డ కట్టించకుండా పాలతో కలిపి మిక్సీ వేసి అప్పటికప్పుడు షేక్‌లా పిల్లలకి ఇచ్చేయండి. ఎండలో గంటల తరబడి ఉండిపోయి గోరువెచ్చగా అయినదైతే పారబోయండి.